తిరిగి వేయకుండా

పుస్తకంలో గోళీలని ఉంది.
చదివి వినిపించగానే
వెనక బెంచీల నుంచి నవ్వు.
"గోలీలంటే జరమొస్తే మింగేటివి సార్.
ఇవి గోటీలు."

సరే, గోటీలే.
ఎనిమిదేండ్లుగ పొద్దున కోయిల్‌కొండ బస్సు దిగి
మాపటికి పాలమూరు బస్సు ఎక్కుతున్న.
సంభావ్యత పాఠం ఎప్పుడూ సుద్దముక్కతోనే అయిపోయింది.
ఇయ్యాళ సొరుగు తాళం తీసిన.

జూన్ నుంచి గుంజుకున్నవన్నీ అందులో ఉన్నయి.
నీళ్ల ట్యాంకు కింది పదును నేలల
గుంత తవ్వి ఆడుతుంటే దొరికినవి,
ప్రార్థన నడుమ జేబు చిరిగి
హెడ్మాస్టరు చెప్పుల దాకా దొర్లినవి.
నారాయణపేట చీరల దుకాణం సంచిలో పోసిన.
పిల్లలు మెడలు సాచి చూసిండ్రు,
పాఠం కోసమైతే కాదు.

ఆకుపచ్చవి పన్నెండు, నీలివి ఆరు, ఎర్రవి రెండు.
బోర్డు మీద కుదించిన: ఆరు, మూడు, ఒకటి.
"కుదిస్తే గోటీలు తగ్గుతయా సార్?"
శివలీల అడిగింది.
తగ్గవు బిడ్డా. మాట తగ్గుతది.
"కుర్మన్న చెప్తుండె సార్,
వాళ్ల నాయన మాలు కలిపేటప్పుడు
ఒకటికి ఆరు అంటడట.
సిమెంటు ఒకటి, ఇసుక ఆరు.
గంపలెన్నైనా మాట గదే."
ఇరవై నిమిషాలు నేను చెప్పాలనుకున్నది
అయిపోయింది.

ఎర్రది రావడానికి?
ఇరవైట్ల రెండు. అంటే పదిట్ల ఒకటి.
మొగులప్పను పిలిచి కండ్లు మూసుకొమ్మన్న.
చెయ్యి పెట్టిండు, కొంచెం కలిపిండు,
ఎర్రది తీసిండు.
"చూసిండు సార్! దొంగ!"
"చూడలే. నాదానికి పెచ్చూడింది.
వేలికి తెల్వదా?"

అన్నీ ఒకే తీరు, ఒకే నునుపు,
ఏది చేతికొచ్చేదీ సమానమే అంటది పుస్తకం.
ఆ వాక్యం రాసినాయన
ఎన్నడూ గోటీ పోగొట్టుకోలేదేమో.

మొగులప్ప దాన్ని లాగు జేబులో వేసుకున్నడు.
"తిరిగి వేయకుండా అంటే గిదే కద సార్?"
నేనేమనలే.
హారం చెరిపి పందొమ్మిది రాసిన.
ఇప్పుడింకో ఎర్రది?
"పందొమ్మిదిట్ల ఒకటి!"
రేకులు అదిరినయి.

సాయంత్రం సొరుగుకు తాళం వేయడం మర్చిపోయిన.
మర్చిపోయిన అంటే,
తాళంచెవి నా చేతిలోనే ఉండె.

మంగళవారం పద్నాలుగు మిగిలినయి.
బుధవారం తొమ్మిది, అందులో నాలుగు నీలివి.
హాజరు పిలుస్తూనే మనసులో భిన్నం రాసుకున్న.
కొట్లాట కాలే, చాడీ రాలే.
ఎవరిది వాళ్ల వేలికి తెలిసినట్టుంది.

శుక్రవారానికి ఒక్కటి.
లోపల పాల సుడి తిరిగిన ఆకుపచ్చది.
సంచిలో చెయ్యి పెడితే ఆకుపచ్చ రావడానికి
సంభావ్యత ఒకటి.
ఖచ్చితం.
ఏ మొద్దు పిలగాడైనా చెప్తడు.
శనివారం అట్లనే ఉంది.
సోమవారం కూడా.

"గిదెవరిది రా?"
అందరూ మూడో బెంచీ కొసకు చూసిండ్రు,
కిటికీ పక్క ఖాళీ జాగకు.
మొగులప్పే అన్నడు:
"కుర్మన్నది సార్. దసరా పోయినంక
పూనా పోయిండ్రు, మాలు పనికి.
ఉగాదికి వస్తరట."

వస్తరట.
ఆ చివరి 'ట' విలువ ఎంతని వేయాలె?
సున్నాకూ ఒకటికీ నడుమ గీత గీసి
ఎక్కడ చుక్క పెట్టాలె?
సుద్దముక్క పట్టుకొని నిలబడ్డ.
గంట కొట్టిండ్రు.

సొరుగు దగ్గరికి నూకిన.
తాళం వేయలే.